జిగ్‌జాగ్ కుట్టు వేయాల్సింది

మొదట నా తప్పు నేను ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని, సాగే బట్టకు నేరుకుట్టు వేశాను. ఊరికి పోయే తొందర, ఏం కాదులే అనుకున్నాను. అది అట్లాంటిక్ సముద్రంలో, ఒడ్డుకు రెండు వందల గజాల దూరంలో, తేలే పలక మీద మోకాళ్ల నుంచి పైకి లేవబోతుంటే పర్రున పోయింది. ఎక్కడ పోయిందో మీరే ఊహించుకోండి.

నాకు కర్నూలు వన్ టౌన్‌లో చిన్న షాపుంది. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు, దసరాకి సంక్రాంతికి నిద్రలేని రాత్రులు. అమ్మాయి, అల్లుడు మదీరా అనే దీవిలో ఉంటారు. అది పోర్చుగల్ వాళ్లది. ఇద్దరిదీ ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ పనే. ఊరి పేరు మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయన, "ఖమ్మం పక్కన మధిరనా? అక్కడేం కంపెనీలున్నాయి?" అన్నాడు. మన దగ్గర మదిర అంటే మందు కూడా కదా. తీరా చూస్తే ఆ దీవి పేరుతో ద్రాక్షసారా కూడా ఉంది, దేశదేశాల్లో పేరున్నదే. వాళ్ల భాషలో మాత్రం మదీరా అంటే కట్టె. మొదట వచ్చినవాళ్లకు అంతా అడవి కనబడిందట, ఆ పేరే పెట్టేశారు.

వీసా 90 రోజులకు ఇచ్చారు. బయలుదేరే ముందు అమ్మాయి ఫోన్.

"మా, స్విమ్ సూట్ కుట్టుకుని రా. ఇక్కడ అమ్మేవి నువ్వు వేసుకోవు."

"ఈ వయసులో నాకెందుకే అది?"

"నీకు ఈతొచ్చంట కదా. అవ్వ చెప్పింది."

వచ్చు. అంటే, వచ్చేది. మా అమ్మ పుట్టిల్లు సుంకేసుల దగ్గర, తుంగభద్ర ఒడ్డున. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. సుడులుంటాయని మమ్మల్ని నదిలో దిగనిచ్చేవాళ్లు కాదు. మామ తన తోటలోని దిగుడుబావిలో ఈత నేర్పాడు. నడుముకు తాడుతో బెండ్లు కట్టేవాడు. మొదటి రోజు నాలుగు, రెండు రోజులకు మూడు, అట్లా ఒక్కోటి తీసేస్తూ వచ్చి, ఒకరోజు నాకు చెప్పకుండా ఒట్టి తాడే కట్టాడు. అవతలి మెట్టు దాకా పోయి నడుం తడుముకుంటే బెండు లేదు. అప్పుడు మునిగాను. బెండు లేదని తెలిసిన తర్వాత.

లంగాతో ఇంకో ఆట ఉండేది. నీళ్లలో నిలబడి లంగా అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరితే గాలి చేరి బుట్టలా లేచేది. దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని తేలేవాళ్లం. గాలి పోయేలోపు ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్లు గెలిచినట్టు.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ ఎండాకాలం బావి దగ్గరికి పోవద్దన్నారు. ఎవరూ కోప్పడలేదు, గట్టిగా అరవలేదు, వద్దన్నారంతే. ఇప్పుడు నాకు యాభై మూడు. ఆ బావిలో నీళ్లు లేవు. చుట్టూ బోర్లు పడ్డాక ఎండిపోయింది, అడుగున కంపచెట్లు లేచాయి.

మధ్యలో నీళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చింది ఒక్కసారే, 2009 అక్టోబరు వరదలో. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకి వచ్చాయి. మేం మిద్దె మీద ఉన్నాం, షాపులో మిషన్లు నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక చూస్తే, నా పాత నల్ల మిషన్ బురదలోంచి మెడ మాత్రం పైకెత్తి కనబడింది. కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి, వారం రోజులు తిప్పితే మళ్లీ పనిచేసింది. ఇప్పటికీ అదే నా మిషన్. దానికి నేరుకుట్టు తప్ప ఇంకోటి రాదు.

స్విమ్ సూట్ కుట్టింది దాని మీదే.

బట్ట మాత్రం మంచిదే తెచ్చాను. లెగ్గింగులకు వాడే కాటన్ లైక్రా పనికిరాదు, నీళ్లు తాగి బరువెక్కి మోకాళ్ల దాకా జారుతుంది. డ్యాన్స్ డ్రెస్సులకు వాడే నైలాన్ లైక్రా హైదరాబాద్ నుంచి తెప్పించాను, నేరేడుపండు రంగు. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు, నడుం చుట్టూ జానెడు కుచ్చు. సూది కూడా బాల్‌పాయింట్‌ది వేశాను. మామూలు సూది మొన సాగే బట్ట దారాన్ని తెంపుతుంది. బాల్‌పాయింట్ సూది మొన గుండ్రంగా ఉంటుంది, దారాల సందులోంచి పక్కకు తప్పుకుని పోతుంది. అన్నీ తెలుసు. బట్ట సాగినప్పుడు కుట్టు కూడా సాగాలి, అందుకు జిగ్‌జాగ్ కావాలి అని కూడా తెలుసు. జిగ్‌జాగ్ మిషన్ రెండు షాపుల అవతల ఉంది. పోలేదు.

మదీరాలో దిగగానే మొదటి ఆశ్చర్యం విమానాశ్రయం. కొండకీ సముద్రానికీ మధ్య చదునైన జాగా లేదు, అందుకని రన్‌వేలో కొంత భాగాన్ని దాదాపు 180 స్తంభాల మీద నిలబెట్టారు. మండపం మీద విమానం దిగినట్టు ఉంటుంది. దీవి అంతా అంతే. సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతం, దాని పైభాగం మీద మనుషులున్నారు. పికో రుయివో అనే శిఖరం 1,862 మీటర్లు. ఒడ్డు దాటితే లోతు కూడా అట్లాగే, నాలుగు బారలు వేశామో లేదో కింద నీలం నల్లబడుతుంది.

ఇసుక దాదాపు లేదు. నల్లటి గుండ్రాళ్లు, అల వెనక్కి పోతుంటే గలగలమని దొర్లుతాయి. అమ్మాయి వాళ్ల ఇల్లు కనీసు అనే ఊళ్లో. అక్కడ జనం సిమెంటు మెట్ల మీంచో, పడవలోంచో నీళ్లలోకి దిగుతారు. వెళ్లిన మూడోరోజు, జనవరి నెలలో, పొద్దున తొమ్మిదికి మెట్ల దగ్గర డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు ఆరుగురు నవ్వుకుంటూ నీళ్లలోకి దిగుతున్నారు. నేను శాలువా కప్పుకుని చూస్తున్నాను.

"చలికాలం కూడానా?" అని అమ్మాయి చేత అడిగించాను. అందులో ఒకామె చెప్పింది: నీళ్లు వెచ్చబడేదాకా కూర్చుంటే సెప్టెంబరు దాకా కూర్చోవాలి, అప్పటికి కీళ్లు పట్టేస్తాయి.

ఆమె లెక్క సరైనదే. సముద్రం మన ఎండతో పాటు వేడెక్కదు. నిదానంగా వేడెక్కి, నిదానంగా చల్లారుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో 23, 24 డిగ్రీలు. ఫిబ్రవరి, మార్చిలో 18 దగ్గర. ఏడాది మొత్తం మీద తేడా ఆరు డిగ్రీలే. కర్నూల్లో మే నెల మధ్యాహ్నానికీ సంక్రాంతి తెల్లవారుజాముకీ ఉన్న తేడా తలచుకుంటే అదొక తేడానా? అందుకే వాళ్లకు ఈతకు సీజను లేదు. గాలీ అలా చూసుకుంటారు, నెల చూసుకోరు. ఈశాన్యం గాలులు వచ్చి ఉత్తరం వైపు కొట్టుకుంటాయి, మధ్యలో కొండలు అడ్డం, దక్షిణం వైపు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అయినా మా పడవ రెండుసార్లు రద్దయింది. అల పెద్దదిగా ఉందని పొద్దున్నే మెసేజ్ పెట్టాడు పడవాయన. అట్లాంటి మాట చెప్పే మనిషి మీద నాకు నమ్మకం కుదురుతుంది. జాకెట్ రేపిస్తానని అబద్ధం చెప్పకుండా ఎల్లుండి రమ్మనే టైలర్ లాంటివాడు. (నేను చాలాసార్లు రేపే అన్నాను.)

మొదటి పడవ ఫిబ్రవరిలో. ఎంత కట్టారని అల్లుణ్ని అడిగితే, "అత్తమ్మా, ఊరుకోండి" అన్నాడు. ఎనిమిది మంది పట్టే రబ్బరు పడవ. నాకు కడుపులో తిప్పకుండా నిమ్మకాయ ఊరగాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను. పడవాయన ఆ వాసనకి ఇటు తిరిగి చూసి నాకూ కొంచెం అన్నట్టు చేయి చాపాడు. పెట్టాను. తిన్న తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

వెట్ సూట్ ఇచ్చాడు, నా నేరేడు సూటు మీద వేసుకోమని. నేను వేసుకోవడం మానేసి దాన్ని తిరగేసి చూస్తూ కూర్చున్నాను. మూడు మిల్లీమీటర్ల రబ్బరు నురగ, లోపల కంటికి కనబడని గాలి బుడగలు, రెండు వైపులా నైలాన్ బట్ట. కుట్లు చూడాలి! అంచుకు అంచు ఆనించి మొదట జిగురుతో అతికారు. తర్వాత వంపు సూదితో ఒక వైపు నుంచి సగం మందం దాకానే గుచ్చి తీశారు. సూది అవతలికి దిగలేదు. దిగితే చిల్లి పడుతుంది, చిల్లి పడితే నీళ్లొస్తాయి. మన దగ్గర పట్టుచీరకి ఫాల్ కుట్టేటప్పుడు పైకి దారం కనబడకుండా రవ్వంత పోగు మాత్రం పట్టుకుని పోతామే, అదే పని, రబ్బరు మీద. అయినా మెడ దగ్గర, చేతుల దగ్గర లోపలికి కొంచెం నీళ్లు వస్తాయి, అవి ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే ఉంటాయి. చలి ఆపేది మాత్రం ఆ గాలి బుడగల రబ్బరే. వదులుగా ఉంటే ఆ వెచ్చటి నీళ్లు పోయి కొత్త చల్లనీళ్లు చేరతాయి. కాబట్టి ఊపిరాడనంత బిగుతుగా ఉండాల్సిందే. నాకు తొడగడానికి అమ్మాయి, అల్లుడు చెరో వైపు పట్టుకుని గోనెసంచిలోకి వేరుశనక్కాయలు కుదేసినట్టు కుదేశారు.

తాళి లోపలికి దోపి పిన్నీసు పెట్టాను. బొట్టుబిళ్ల తీయమన్నాడు పడవాయన. నేను తీయలేదు. అద్దాల రబ్బరు అంచు సరిగ్గా బొట్టు మీద ఆనింది, అక్కడి నుంచి సన్నగా నీళ్లు కారాయి, ఉప్పునీళ్లు కళ్లలోకి. పైకొచ్చి తీసి పడవ అంచుకు అంటించాను. ఆ రోజంతా ఆ పడవకి బొట్టుంది.

నీళ్లలోకి దూకవద్దు, నిచ్చెన మీంచి దిగు అన్నారు. 18 డిగ్రీల నీళ్లు మెడకి తగలగానే ఊపిరి దానంతటది ఎగబీల్చుకుంటుంది, మన చేతిలో ఉండదు. ఆ టైంలో తల మునిగితే నీళ్లు మింగుతాం. ఒక నిమిషం నిచ్చెన పట్టుకుని ఊరికే ఉండాలి. ఆ నిమిషంలో నేను మా ఇంటి దేవుళ్లందర్నీ పిలిచాను. తర్వాత సర్దుకుంది. నిచ్చెన వదిలాను.

నలభై ఒక్క ఏళ్ల తర్వాత కాళ్లు వాటంతటవే ఆడాయి. చేతులు కూడా. కానీ అది బావి ఈత కాదు. బావినీళ్లు కిందికి లాగుతాయి, ఆపితే మునుగుతాం. ఇక్కడ ఆపినా తేలుతున్నాను! లీటరుకి 35 గ్రాముల పైన ఉప్పు, దానికి తోడు ఒంటి మీద గాలి బుడగల రబ్బరు. మామ కట్టిన నాలుగు బెండ్లూ మళ్లీ ఉన్నట్టే.

గొట్టం నోట్లో పెట్టుకోవడం మాత్రం మహా తిప్పలు. ముఖం నీళ్లలో ఉండగా ఊపిరి పీల్చమంటే ఒళ్లు ఒప్పుకోదు. మూడుసార్లు తల ఎత్తేశాను. గొట్టంలోకి అల పడితే ఏం చేయాలో పడవాయన చేతులతో చూపిస్తున్నాడు, నాకు ఎక్కడం లేదు. అల్లుడు పక్కకొచ్చి, "అత్తమ్మా, ఊదుగొట్టం. పొయ్యి ఊదినట్టు ఒక్క ఊపు ఊదండి" అన్నాడు. అంతే. నీళ్లు ఎగిరి బయటపడ్డాయి. మా జేజి కట్టెల పొయ్యి దగ్గర నేను చేసిన చాకిరీ అట్లాంటిక్‌లో అక్కరకొచ్చింది.

ఆ చోటు పేరు గరజావ్. కొండకొన మీద చేతులు చాచిన క్రీస్తు విగ్రహం, 1927లో పెట్టింది. అందరికీ తెలిసిన రియో విగ్రహం కన్నా నాలుగేళ్లు పెద్దది. ఆ కింద నీళ్లలో 1986 నుంచి చేపలు పట్టడం నిషేధం. అందుకే అక్కడి చేపలకు మనుషులంటే భయం లేదు. మెరో అనే చేపలు, గోధుమరంగు ఒంటి మీద లేత మచ్చలతో, మూతి ముందుకు పెట్టుకుని, బాకీ అడగడానికి వచ్చిన పెద్దమనుషుల్లా కింద నిలబడి మనల్ని చూస్తాయి. అవన్నీ ఆడవిగా మొదలై, పెద్దయ్యాక కొన్ని మగవవుతాయట.

నా కళ్లు మాత్రం ఇంకో చేప మీదున్నాయి. చిలుక ముక్కు చేప. ఆడది ఎర్రగా, మంచి కుంకుమరంగు ఎరుపు, మెడ వెనక బూడిదరంగు పట్టీ, దానికి పసుపు అంచు, తోక మొదట్లో ఒక పసుపు చుక్క. మగది ఒట్టి బూడిదరంగు. నెమలి దగ్గర నుంచి కోడి దాకా మగదానికే సోకులు కదా, ఇక్కడ మాత్రం ఎవరో బట్టల షాపు తెలిసినవాళ్లు పంచారనిపించింది. ఆ ఎరుపుకి ఆ పసుపు అంచు నేను రాజోలి చీరల్లో చూశాను. అవి రాతిని గీకి తింటుంటే నీళ్లలో కరకరమని వినిపిస్తుంది, మరమరాలు నమిలినట్టు. రాళ్ల సందుల్లో నల్లటి ముళ్లబంతులు, జానెడు సూదులతో. నా షాపులో గుండుసూదుల దిండు గుర్తొచ్చి కాళ్లు పైకి లాక్కున్నాను.

పైకొచ్చాక పది నిమిషాలకు అసలు వణుకు మొదలైంది. నీళ్లలో ఉన్నప్పుడు లేదు, ఎండలో కూర్చున్నాక దంతాలు టకటక. చేతుల్లో కాళ్లలో చల్లబడ్డ రక్తం అప్పుడు లోపలికి చేరుతుందని చెప్పారు. వెంటనే తుడుచుకుని, టోపీ పెట్టుకుని, వెచ్చగా ఏదన్నా తాగాలి. పడవాయన పోంచా అని ఒకటి ఇవ్వబోయాడు, చెరకు సారాలో తేనె, నిమ్మరసం. మదిర అనే పేరు ఊరికే రాలేదనుకుని ఫ్లాస్కులో టీ తాగాను.

మార్చిలో ఇంకోసారి పోయాం. అప్పుడు చేపలకన్నా నా ఈతే చూసుకున్నాను. ఆ నెల చివర్న మూడోసారి పోయినప్పుడు తేలే పలకలు దించాడు, మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయేవి. పదిన్నర అడుగుల పొడవు, గాలి కొట్టేది. చుట్ట చుట్టి సంచిలో తెచ్చాడు. గాలి నింపిన వస్తువు ఏదైనా దిండులాగో ట్యూబులాగో ఉబ్బాలి కదా, ఇది బల్లలా చదునుగా ఎట్లా ఉంటుంది? అడిగితే పాత తెగిన ముక్క ఒకటి చూపించాడు. పై బట్టకీ కింద బట్టకీ మధ్య వేల దారాలు, ఒక్కోటి ఒకే పొడవు, నిలువుగా. గాలి ఉబ్బించాలని చూస్తుంది, దారాలు పట్టుకుని ఆపుతాయి. డ్రాప్ స్టిచ్ అంటారట. మా లంగాలో గాలి ఎందుకు నిలిచేది కాదో అప్పుడర్థమైంది, మాకు లోపల దారాల్లేవు. ఆ ముక్క అడిగి తెచ్చుకున్నాను, షాపులో ఉంది, చూడాలనుకున్నవాళ్లు రావచ్చు.

ఎండ బాగుంది, వెట్ సూట్ వద్దనుకున్నాను. లైఫ్ జాకెట్ వేశారు, కాలికి పలక తాడు కట్టారు. పుట్టి తెలిసినదాన్ని కదా అని ధైర్యం. చిన్నప్పుడు తుంగభద్ర దాటి రాజోలికి చీరలకు పుట్టిలోనే పోయేవాళ్లం. వెదురు అల్లిక, గుండ్రంగా, తెడ్డు ఒక వైపు వేస్తే గిర్రున తిరుగుతుంది. పుట్టి నడిపే అతను ముందుకు వంగి తెడ్డును తన వైపు లాక్కునేవాడు. పలక అట్లా కాదు. కుడివైపు తెడ్డు వేస్తే ముక్కు ఎడమకి పోతుంది, నాలుగు వేసి చెయ్యి మార్చాలి. తెడ్డు వంపు ముందుకు ఉండాలి, నేను వెనక్కి పట్టుకున్నాను. చూపు పాదాల మీద కాదు, దూరంగా ఒడ్డు మీద పెట్టాలి. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తే నిలబడకూడదు, మన ఒళ్లే తెరచాపై లోపలికి లాక్కుపోతుంది, వెంటనే కూర్చోవాలి.

కూర్చోవడం వచ్చింది. లేవడం దగ్గరే వచ్చింది గొడవ. ఒక మోకాలు తీసి పాదం పెట్టాను, రెండోది పెట్టాను, చేతులు వదిలి నడుం ఎత్తుతున్నాను. పర్ర్.

నేరుకుట్టు దారం సాగదు, తెగుతుంది. ఒక్కచోట తెగితే గొలుసులా పోతుంది. వెనక నడుం దగ్గర మొదలై ఎక్కడిదాకా పోయిందో చేత్తో చూసుకునే వీల్లేదు, చెయ్యి వెనక్కి పెడితే పడతాను. కుచ్చు ఉంది కదా అని ఒక ధైర్యం. పడవలోంచి అమ్మాయి, "మా! నిలబడ్డావు! నిలబడ్డావు మా!" అని అరుస్తోంది. నాకు నవ్వాగలేదు. కూర్చుంటే ఇంకా చిరుగుతుంది. అందుకని నిలబడే ఉన్నాను. నిలబడి తెడ్డు వేశాను, నాలుగు కుడి, నాలుగు ఎడమ. ఆ క్రీస్తు విగ్రహం కిందికి పోయి తిరిగి వచ్చాను. ఆ రోజు ఎనిమిది మందిలో ఎక్కువసేపు నిలబడింది నేనే. అల్లుడు వీడియో తీశాడు, ముందు నుంచే తీశాడు, పుణ్యాత్ముడు.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాను. బస్సు దిగగానే కర్నూలు ఎండ ముఖం మీద కొట్టింది. సూటు విప్పి చూస్తే కుట్టు జానెడున్నర పోయింది, బట్ట మాత్రం చెక్కుచెదరలేదు. రెండు షాపుల అవతలికి పోయి జిగ్‌జాగ్ వేయించాను, రెండు వరసలు. ఆమె అడిగింది, "ఏంది వదినా ఇది, డ్యాన్స్ ప్రోగ్రామా?" అని. అవునన్నాను.

నిన్న అమ్మాయి ఫోన్ చేసింది. మెట్ల దగ్గర దిగే ఆడవాళ్లలో ఒకామెకి, ఆ సెప్టెంబరు మాట చెప్పినామెకే, నా సూటు నచ్చిందట. అట్లాంటిదే కావాలి, కుచ్చుతో సహా. కొలతలు పంపింది, ఛాతీ 104, నడుం 92, అన్నీ సెంటీమీటర్లలో. అంగుళాల్లోకి మార్చి రాసుకున్నాను. సాగే బట్టకి కొలత కన్నా తగ్గించి కుట్టాలి, పదోవంతు తగ్గిస్తే మామూలుగా సరిపోతుంది. కానీ ఆమె జనవరిలో కూడా దిగుతుంది, నీళ్లలో బట్ట కొంచెం వదులవుతుంది. ఎనిమిదోవంతు తగ్గిద్దామా అని ఆలోచిస్తున్నాను. బట్ట సోమవారం వస్తుంది.